బాయిలో బొగ్గు దుమ్ము పేలకుండా చూసుకోవడం ఎలా?

బాయి (భూగర్భ బొగ్గు గని) దిగి మీరు చూసే భాగమైన డిస్ట్రిక్ట్‌లోకి నడిచేటప్పుడు పక్కనున్న కేబుల్ మీదో, పైపు మీదో వేలితో ఒక గీత గీయండి. వేలికి తెల్ల పొడి (పేలుడు ఆపడానికి చల్లే రాతిపొడి) అంటితే ముందుకు నడవండి. నల్లగా అంటితే అక్కడే ఆగండి. కొత్తగా మైనింగ్ సర్దారుగానో ఓవర్‌మెన్‌గానో షిఫ్టు సూపర్‌వైజర్ బాధ్యత తీసుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. పరీక్ష కోసం రూల్స్ ఎలాగూ బట్టీ పట్టే ఉంటారు. ఏ పని ముందు చేయాలి, ఏది వెనక చేయాలి, ఎక్కడ చేసిన పనంతా వృథా అవుతుంది అన్నది మాత్రం షిఫ్టులు చేస్తేగానీ తెలియదు.

1. "మా బాయిలో గ్యాస్ లేదు" అనే మాట మానేయండి

గోదావరి లోయలోని మన భూగర్భ గనుల్లో చాలావాటికి మొదటి డిగ్రీ గ్యాస్ గనులనే పేరు. అంటే గాలిలో మీథేన్ 0.1 శాతం దాటదు, టన్ను బొగ్గుకు ఒక ఘనపు మీటరు కంటే తక్కువే వస్తుంది. మంచిదే. కానీ ఆ మంచి పేరే మనుషుల్ని ఏమరుపాటులోకి దించుతుంది.

ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న కూరియేర్ గనులకూ అదే పేరుండేది. గ్యాస్ లేదన్న ధీమాతో అక్కడి కార్మికులు మంట బయటికి కనిపించే దీపాలతోనే పని చేసేవాళ్లు. 1906 మార్చి 10 ఉదయం మొదలైన పేలుడు ఒక బాయి నుంచి దాన్ని ఆనుకున్న బాయిల్లోకి పాకి, సుమారు 110 కిలోమీటర్ల గ్యాలరీల్ని (సొరంగ దారుల్ని) ఊడ్చేసింది. 1,099 మంది చనిపోయారు. ఇరవై రోజుల తర్వాత, మార్చి 30న, 13 మంది చీకట్లో దారి వెతుక్కుంటూ ప్రాణాలతో బయటికొచ్చారు. మొదటి నిప్పు ఎక్కడ అంటుకుందన్నది అప్పట్లోనే గట్టిగా తేలలేదు. అన్ని కిలోమీటర్లు ఆ మంటను మోసుకెళ్లింది మాత్రం బొగ్గు దుమ్ము.

దుమ్ము సంగతి ఎవరికీ తెలియక జరిగిన ప్రమాదమా అంటే, కాదు. 1844లో ఇంగ్లండ్‌లోని హాస్వెల్ గనిలో 95 మంది పోయినప్పుడు ప్రభుత్వం మైకేల్ ఫారడేను, భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయెల్‌ను అక్కడికి పంపింది. ఊత దిమ్మెల మీద కాలి గడ్డకట్టిన దుమ్మును చూసి, గ్యాస్‌తో పాటు దుమ్మూ మండిందని వాళ్లు రాశారు. ఆ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1870లలో వేల్స్‌లో విలియం గాల్లోవే అనే గనుల ఇంజనీరు ప్రయోగాలు చేసి మళ్లీ అదే చెప్పాడు. 1880లలో ఫ్రాన్స్ పండితులేమో గ్యాస్ లేకుండా దుమ్ముతో పెద్ద ప్రమాదమేమీ ఉండదని తేల్చేశారు. వాళ్ల దేశంలోనే కూరియేర్ జరిగింది.

మన దేశంలో 1965 మే 28న నేటి జార్ఖండ్‌లోని ధోరీ గనిలో 268 మంది చనిపోయారు. అదీ దుమ్ము పేలుడే. కాబట్టి గ్యాస్ రీడింగ్ సున్నా వచ్చిందని డైరీలో రాసి, దుమ్ము కాలమ్‌లో అలవాటుగా "సరిగా ఉంది" అని కొట్టేయకండి. ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు.

2. ఎంత దుమ్ముంటే ప్రమాదమో మీరే లెక్క వేసుకోండి

కుప్పలు పోసినంత దుమ్ముంటే తప్ప భయం లేదని చాలామంది అనుకుంటారు. ఈ లెక్క ఒకసారి చేసి చూడండి.

గ్యాలరీ వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. ఒక మీటరు పొడవులో 12 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఘనపు మీటరు గాలిలో సుమారు 50 గ్రాముల సన్న బొగ్గు దుమ్ము లేస్తే పేలుడుకు చాలు. అంటే మీటరు పొడవుకు 600 గ్రాములు. దాన్ని పైకప్పు, రెండు సైడ్లు, ఫ్లోర్ కలిపి 14 చదరపు మీటర్ల మీద సమానంగా పరిస్తే చదరపు మీటరుకు 43 గ్రాములు వస్తుంది. మందం మిల్లీమీటరులో పదో వంతు లోపే. నోటుపుస్తకంలో ఒక కాగితం మందం. వేలు గీత ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందిగా.

ఈ దుమ్ము నేల మీద పడి ఉన్నంతసేపూ ఏమీ చేయదు. ఎక్కడో చిన్న మంట అంటుకుంటే, దానికంటే ముందు గాలి దెబ్బ పరుగెత్తుతుంది. ఆ దెబ్బ దుమ్మును లేపుతుంది, వెనకనే వచ్చే మంట దాన్ని కాలుస్తుంది, ఆ వేడికి ఇంకా పెద్ద దెబ్బ పుడుతుంది. పొయ్యిలో కట్టెలు తనకు తానే వేసుకుంటూ పోయే మంట అనుకోండి. దుమ్ము దొరికినంత దూరం పోతుంది.

ఫ్లోర్ మీద గరుకు దుమ్ము కంటే పైన బార్ల (పైకప్పును ఆపే దూలాల) మీద, కేబుళ్ల మీద, సైడ్ల అంచుల మీద పేరుకున్న మెత్తటి దుమ్ముతోనే ఎక్కువ భయం. గాలిలో తేలుతూ వచ్చి వాలింది కాబట్టి అది అతి సన్నగా ఉంటుంది, ఊదితే లేస్తుంది. చూపు కిందికే పోతుంది గనుక అది కంట పడదు.

3. పుట్టేచోటే దుమ్మును పట్టుకోండి

మెషీన్ ఫేస్‌లో (యంత్రంతో బొగ్గు కోసే చోట) మొదట పిక్కులు, అంటే కోత పళ్లు, చూడండి. అరిగిన పిక్ బొగ్గును కోయదు, నూరుతుంది. నూరితే దుమ్ము ఎక్కువ, రాయి తగిలితే నిప్పురవ్వలు కూడా. 2010 ఏప్రిల్ 5న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మందిని బలిగొన్న పేలుడు ఇలాగే మొదలైంది. కోత యంత్రం పిక్కులు అరిగిపోయాయి, నీళ్ల స్ప్రేలు సరిగా పనిచేయలేదు, కాస్త మీథేన్ అంటుకుంది. ఆ చిన్న మంట అక్కడే ఆరిపోవాల్సింది. రాతిపొడి చల్లకుండా వదిలేసిన గ్యాలరీల్లోని దుమ్ము దాన్ని అందుకుంది. ప్రమాదాల రికార్డు అక్కడ రెండు పుస్తకాల్లో రాసేవాళ్లని, తనిఖీ అధికారులకు ఒకటే చూపేవాళ్లని తర్వాతి విచారణలో బయటపడింది. ఇదంతా వందేళ్ల కిందటి కథ కాదు, చేతికి సెల్‌ఫోన్ వచ్చాక జరిగింది.

స్ప్రే నాజిల్ మూసుకుపోతే ఆ కట్ ఆపి శుభ్రం చేయించండి. "ఈ రౌండ్ అయ్యాక చూద్దాం" అంటే షిఫ్టు అయిపోతుంది. ఎస్‌డీఎల్‌తో (బొగ్గు ఎత్తి పోసే యంత్రంతో) ఎత్తే బొగ్గును లోడింగ్‌కు ముందు తడపండి. డ్రిల్లింగ్ తడిగానే చేయించండి.

బెల్టు ఉన్నచోట ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టు మీదికి బొగ్గు పడే పాయింటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. మెత్తటి దుమ్ము ఎక్కువగా పుట్టేచోట్లలో అదొకటి. అక్కడ స్ప్రే, చుట్టూ రబ్బరు తెర, బెల్టుకు అంటిన పొడిని గీకే స్క్రేపర్ ఉండాలి. బెల్టు కింద పేరుకున్న పొడిలో కూరుకుపోయి తిరిగే రోలర్ కనిపిస్తే చేయి దగ్గర పెట్టి వేడి చూడండి. నిప్పూ అక్కడే, ఇంధనమూ అక్కడే.

ఉపరితలాన్నీ మరవొద్దు. గాలి లోపలికి వెళ్లే షాఫ్ట్ నోటికి 80 మీటర్ల లోపు బొగ్గు జల్లెడ పట్టే ప్లాంటు ఉండకూడదని మన నిబంధనల్లో ఉంది. అక్కడ లేచే దుమ్మును గాలే లోపలికి మోసుకొస్తుంది కదా.

4. చల్లే ముందు ఊడవండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. నల్ల దుమ్ము మీదే తెల్ల పొడి చల్లేస్తే చూడ్డానికి బాగుంటుంది, కింద ఉన్నది కిందే ఉంటుంది. మొదటిసారి పొడి చల్లేముందు, వీలైనంత మేరకు పైనుంచి కిందికి దుమ్ము దులిపి, తడిపి, ఎత్తి టబ్బులోనో బెల్టు మీదో వేసి బయటికి పంపాలి. పొడిగా చీపురుతో ఊడిస్తే మీరే దుమ్ము మేఘం తయారుచేసినవారవుతారు. ముందు నీళ్లు, తర్వాతే పార.

మూలల్లో, వాడకం ఆగిన గ్యాలరీల్లో, బార్ల వెనక పేరుకున్నదాన్ని వదిలేయకండి. మనుషులు నడవని దారిలోంచి మంట నడుస్తుంది.

5. రాతిపొడి చల్లండి, లెక్క ప్రకారం

దీని వెనక చిన్న కథ ఉంది. 1886లో ఇంగ్లండ్‌లోని ఆల్టాఫ్ట్స్ గనిలో పేలుడు జరిగినప్పుడు అక్కడి మేనేజరు విలియం గార్‌ఫోర్త్ మంట ఎక్కడిదాకా వెళ్లింది, ఎక్కడ ఆగింది అని తిరిగి చూశాడు. రాతి దుమ్ము పరుచుకుని ఉన్నచోట అది ఆగిపోయింది. ఆ ఆలోచనతోనే 1908లో ఆల్టాఫ్ట్స్‌లో పెద్ద ఇనుప గొట్టం లాంటి గ్యాలరీ కట్టి కావాలనే దుమ్ము పేల్చి చూశారు. రాతిపొడి బొగ్గు దుమ్ముతో పాటే లేచి, మంట వేడిని తాగేస్తుంది. ఎంత వేడిని తాగినా అది మండదు. నివురుగప్పిన నిప్పంటే భయపడతాం గానీ, ఇక్కడ మనల్ని కాచేది ఆ నివురే.

ఏ పొడి వాడాలి? మెత్తగా నూరిన సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే రాయే. ఇంటికి కొట్టే సున్నం మాత్రం కాదు, అది కళ్లనూ చర్మాన్నీ కాలుస్తుంది. పొడిలో విడి సిలికా 5 శాతం మించకూడదు. పేలుడు తప్పించబోయి మనవాళ్ల ఊపిరితిత్తుల్ని రాయి చేయకూడదన్నది దాని ఉద్దేశం. రంగు లేతగా ఉంటే మేలు, నలుపు ఎక్కడ పేరుకుంటోందో ఇట్టే కనబడుతుంది. బస్తా విప్పగానే గుప్పెడు అరచేతిలో పోసి నోటితో ఊదండి. పొగలా లేస్తే మంచి పొడి. గడ్డలుగా దొర్లితే ఆ బస్తా వెనక్కి పంపండి. పేలుడు గాలికి లేవని పొడి నేల మీద ఎంతున్నా ఒకటే.

ఎంత చల్లాలి? బొగ్గులోని ఆవిరి పదార్థం (వేడిచేస్తే వాయువులుగా వెళ్లిపోయే భాగం) 30 శాతం కంటే తక్కువైతే, గ్యాలరీలోని దుమ్ములో మండేది 25 శాతం మించకూడదు. 30 శాతం కంటే ఎక్కువైతే 15 శాతం మించకూడదు. ఆవిరి పదార్థం శాతాన్ని తేమ, బూడిద తీసేసి లెక్కగడతారు. మీ సీమ్ (బొగ్గు పొర) ఏ కోవలోకి వస్తుందో మేనేజరు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఊహించి చెప్పొద్దు.

ఉదాహరణకు 100 కిలోల బొగ్గు దుమ్ము తీసుకుందాం. అందులో తేమ, బూడిద కలిపి 25 కిలోలు అనుకుంటే మండేది 75 కిలోలు. అది మొత్తంలో 25 శాతమే ఉండాలంటే మొత్తం 300 కిలోలు కావాలి. అంటే 200 కిలోల రాతిపొడి కలపాలి. 15 శాతమే ఉండాలంటే మొత్తం 500 కిలోలు, రాతిపొడి 400 కిలోలు. దుమ్ముకు రెట్టింపు, ఒక్కోసారి నాలుగింతలు. "నాలుగు బస్తాలు చల్లేశాం సార్" అని ఎవరైనా చెబితే ఎన్ని మీటర్లకు అని వెంటనే అడగండి.

ఎలా చల్లాలి? గాలి వచ్చే వైపు నుంచి మొదలుపెట్టి, గాలికి వీపు చూపిస్తూ నడవండి. మాస్కు తప్పనిసరి. ఆ సమయంలో రిటర్న్ (వాడిన గాలి బయటికి వెళ్లే దారి) వైపు మనుషులు పనిచేయకుండా చూసుకోండి. ముందు పైకప్పు, తర్వాత సైడ్లు, బార్లు, కేబుళ్లు, చివర ఫ్లోర్. చేత్తో విసిరితే ఫ్లోర్‌కే ఎక్కువ పడుతుంది, పైన నలుపు నలుపులాగే మిగిలిపోతుంది. ఊదే మెషీన్ ఉంటే వాడండి. లేకపోతే పైకప్పుకు వేరుగా ఒక మనిషిని పెట్టండి.

చాలామందికి తెలియని చిక్కు ఇంకొకటుంది. నిరుడు మీరు రెండు అంగుళాల మందాన పొడి వేసినా, దాని మీద ఈ వారం కాగితం మందాన నల్ల దుమ్ము వాలితే ఆ రెండు అంగుళాలూ లేనట్టే. గాలి దెబ్బ మొదట లేపేది పై పొరను. అందుకే ఒకసారి దండిగా చల్లి మరిచిపోవడం కంటే కొంచెం కొంచెంగా మాటిమాటికీ చల్లడం మంచిది. రిటర్న్ గ్యాలరీలకు ఇది మరీ ముఖ్యం, తేలే దుమ్మంతా అటే వెళ్తుంది.

నీళ్లు కారే గ్యాలరీల్లో పొడి గడ్డకడుతుంది, అక్కడ నీళ్లతోనే పని. కానీ నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలదు. దుమ్ము బరువులో 30 శాతం నీళ్లు పూర్తిగా కలిసిపోయి ఉండాలి. పిడికిట్లో పిసికితే ముద్దకట్టాలి. ఎండాకాలం గాలి వేగంగా తిరిగే చోట తడి ఎంతోసేపు నిలవదు, ప్రతి షిఫ్టూ చూడాల్సిందే.

6. నిప్పును దూరం పెట్టండి

ఇక్కడ నేను ఎక్కువగా చెప్పేది మందు పెట్టి బొగ్గు పేల్చే షాట్‌ఫైరింగ్ గురించే. రంధ్రంలో మందు సరిగా బిగించకపోతే బొగ్గు పగలదు, మంట తుపాకీ గొట్టంలోంచి వచ్చినట్టు ఫేస్‌లోంచి బయటికి చిమ్ముతుంది. బ్లోన్ అవుట్ షాట్ అంటాం. గాలి దెబ్బా, మంటా రెండూ ఒకేసారి, దుమ్ముకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

కాబట్టి: రంధ్రంలోని పొడిని స్క్రేపర్‌తో పూర్తిగా తీయించండి. గనులకు అనుమతి ఉన్న మందే వాడండి, చెప్పిన మోతాదు దాటొద్దు. మందు పెట్టాక రంధ్రం నోరు మూసేలా బంకమట్టి, ఇసుక కలిపిన కడ్డీలతో స్టెమ్మింగ్ నిండుగా వేయండి. చేతికందింది కదా అని బొగ్గు పొడిని రంధ్రంలో కూరేవాళ్లను చూస్తే ఆ రోజు వాళ్ల చేత మందు ముట్టనివ్వకండి. పేల్చే ముందు ఫేస్ చుట్టూ తడపండి, గ్యాస్ చూడండి. 1.25 శాతం మీథేన్ కనిపిస్తే కరెంటు తీసి మనుషుల్ని వెనక్కి తేవాలి.

మిగతావి మీకు తెలిసినవే: బీడీ, అగ్గిపెట్టె వెతకడం, కేబుల్ అతుకులు, మూత బోల్టు ఊడిన స్విచ్‌లు. మన బొగ్గు తనంతట తాను వేడెక్కే రకం కాబట్టి సీల్ చేసిన ప్యానెళ్ల (తవ్వేసి మూసిన భాగాల) గోడలూ చూస్తూ ఉండాలి.

7. అడ్డుకట్టలు నిజంగా పడతాయా, చూడండి

కూరియేర్ తర్వాత ఫ్రాన్స్‌లో లియెవాన్ దగ్గర ప్రయోగశాల పెట్టారు. అక్కడ పనిచేసిన తఫనెల్ అనే ఇంజనీరు పైకప్పు కింద పలకల మీద పొడి కుప్పలు పెట్టే పద్ధతిని అభివృద్ధి చేశాడు. గాలి దెబ్బకు పలకలు తిరగబడి పొడి మేఘంలా లేస్తుంది, వెనక వచ్చే మంట అందులో ఆరిపోతుంది. నీళ్ల తొట్లతో కట్టే అడ్డుకట్టలూ అదే సూత్రం.

ఇక్కడ మీరు చూడాల్సినవి రెండే. పలక ఊగకుండా ఎవరైనా తీగతో కట్టేశారా, మేకు కొట్టేశారా? చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ పనికిరాదు, అది పడటానికే పెట్టింది. రెండోది, పొడి గడ్డకట్టిందా, తొట్టిలో నీళ్లు ఆవిరైపోయాయా? టిఫిన్ బాక్సులు, పాత బోల్టులు పెట్టుకునే అరలుగా మారిన అడ్డుకట్టలూ ఉంటాయి. అన్నీ దింపించండి.

అడ్డుకట్ట ఉంది కదా అని పొడి చల్లడం తగ్గించొద్దు. నెమ్మదిగా మొదలైన మంటకు పలకలు తిరగబడేంత గాలి దెబ్బ ఉండకపోవచ్చు.

8. శాంపిల్ నిజాయితీగా తీయండి

శాంపిల్ తీసే జోన్ (గ్యాలరీలో ఒక భాగం) పొడవునా సమాన దూరాల్లో, 5 మీటర్లు మించని ఎడంతో, ఒకే వెడల్పు పట్టీలుగా గీకి తీయాలి. పైకప్పు, సైడ్లు ఒకటి, ఫ్లోర్ ఒకటి. తెల్లగా కనబడే చోటు ఏరుకుని తీస్తే ల్యాబ్ రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, అంతే. నేనైతే అనుమానం ఉన్న చోటే గట్టిగా గీకమంటాను. ఫెయిలైన శాంపిల్ వల్ల ఇంకో షిఫ్టు పొడి చల్లాల్సి వస్తుంది, ఇంకేం పోదు. రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. కంటికి నల్లగా కనిపిస్తే ఆ రోజే చల్లించండి.

9. అయినా జరిగితే

1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ పేలుడులో పోయిన 57 మందిని పరిశీలించి, శరీరధర్మ శాస్త్రవేత్త జె. ఎస్. హాల్డేన్ ఎక్కువమంది మంటకు కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కు చనిపోయారని చూపించాడు. 1942లో జపాన్ చేతిలో ఉన్న చైనాలోని బెన్షీహు గనిలో మంట ఆర్పడానికని లోపలికి గాలి ఆపేశారు. 1,549 మంది చనిపోయారు. బొగ్గు గనుల చరిత్రలో అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. అందులో చాలామందిని చంపింది ఆ విషవాయువే.

అందుకే దెబ్బ చప్పుడు వినిపించినా, చెవులు గడియపడ్డట్టు అనిపించినా, ఏమైందని చూడటానికి వెళ్లకండి. నడుముకున్న సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి ఊపిరిని కాచే డబ్బా) ముందు నోట్లో పెట్టుకోండి, ముక్కుకు క్లిప్ వేయండి, తర్వాత కదలండి. మీ మనుషుల్ని లెక్కపెట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసి, గాలి తాజాగా వచ్చే దారిలో నడిపించండి. రెండో దారి ఏదో ప్రతి షిఫ్టు మొదట్లోనే వాళ్లకు చూపించి ఉండాలి.

వడపోత రకం రెస్క్యూయర్ అయితే కాసేపటికి నోట్లోకొచ్చే గాలి వేడెక్కుతుంది, నాలుక కాలుతున్నట్టు ఉంటుంది. పాడైపోయిందనుకుని తీసేయాలనిపిస్తుంది. అది పాడవడం కాదు. చుట్టూ కార్బన్ మోనాక్సైడ్ ఉందని, డబ్బా దాన్ని మారుస్తోందని దానర్థం. ఎంత వేడిగా ఉంటే బయట విషం అంత ఎక్కువ. మాట్లాడటానికి కూడా తీయకండి. తాజా గాలి దగ్గరికి చేరేదాకా పళ్లతో గట్టిగా పట్టుకునే ఉండండి.